అద్దాల గదులు, అక్రోటు కప్పులు
పాత గ్రంథాలయాలను ఫోటోలలో నిలుపుకుందాం

(జహనుమాలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం స్వల్పంగా సవరించి ఇస్తున్నాం.)



కార్యదర్శిగారు నన్ను పిలిచి "మీకు ఫోటోల పిచ్చి ఉంది కదా, ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసిన సభలో ఫోటోల గురించి ఏమి మాట్లాడేది అని మొదట సందేహించాను. కాని మనం కూర్చున్న చోటి పేరు తలచుకోగానే విషయం దానంతటదే దొరికింది. జహాన్ అంటే లోకం, నుమా అంటే చూపేది. జహనుమా అంటే లోకాన్ని చూపేది అని అర్థం. పారశీక గాథలలో జంషీద్ చక్రవర్తి దగ్గర ఒక పాత్ర ఉండేదట. అందులోకి తొంగిచూస్తే లోకమంతా కనిపించేదట. దానికి జామె జహాన్‌నుమా అని పేరు. 1822లో కలకత్తాలో వెలువడిన తొలి ఉర్దూ పత్రికకు కూడా ఆ పేరే పెట్టారు. ఈ రోజున మన జేబుల్లో ఉన్న ఫోను కెమెరా కంటే ఆ పేరుకు తగిన వస్తువు ఇంకేముంది చెప్పండి?

ఈ జహనుమా ఒకప్పుడు పాయిగా ప్రభువుల ఉద్యాన భవనం పేరు. పాయిగాలంటే నిజాం తరువాత అంతటి సంపన్నులు. వారిలో షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదు వహించిన ఫక్రుద్దీన్ ఖాన్ గొప్ప విద్యాప్రియుడు. పాశ్చాత్య విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేసి, సొంత లితో ప్రెస్సులో అచ్చు వేయించినవాడు. అంటే ఈ వీధుల మట్టికి పుస్తకాల వాసన కొత్త కాదు. ఈ రోజున జహనుమా అంటే బస్తీ పేరు, బస్సు స్టాపు పేరు. ఆ భవన వైభవం పేరులోనే మిగిలింది. దక్షిణాన కొండమీదికి తల ఎత్తి చూస్తే మాత్రం ఆ కుటుంబంవారే కట్టిన మరొక భవనం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అదే ఫలక్‌నుమా. ఫలక్ అంటే ఆకాశం. లోకాన్ని చూపేది పోయింది, ఆకాశాన్ని చూపేది మిగిలింది. ఎందుకు ఒకటి పోయింది, ఒకటి మిగిలింది అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది. దానికీ ఫోటోలకూ ఉన్న సంబంధమే ఈ రోజు నా ప్రసంగ విషయం.

కొండమీది పుస్తకాల గది

ఫలక్‌నుమాను కట్టించినది నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా. 1893 నుంచి 1901 వరకు హైదరాబాదు సంస్థానానికి ఆయన ప్రధానమంత్రి. 1884లో శంకుస్థాపన జరిగింది. కట్టడం, అలంకరణ అన్నీ పూర్తయ్యేసరికి ఇంచుమించు పదేళ్ళు పట్టింది. ఖర్చు చివరికి నవాబుగారికే భారమయిందని చెప్పుకుంటారు. 1890ల చివర ఆ భవనం ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఆయన 1911లో కన్నుమూసినది కూడా ఆ భవనంలోనే. తరువాత రాజ అతిథులకు విడిదిగా ఉండి, చాలా ఏళ్ళు తాళాలు పడి ఉండి, సుమారు పదేళ్ళ మరమ్మతు తరువాత 2010లో హోటలుగా తెరుచుకుంది.

అందరూ అక్కడి 101 మంది కూర్చునే భోజనాల బల్ల గురించి చెబుతారు. పాలరాతి మెట్లు, బిలియర్డ్సు గది, దర్బారు హాలులోని షాండిలియర్ల గురించి చెబుతారు. నా మనసు మాత్రం గ్రంథాలయం దగ్గర ఆగిపోతుంది. గోడల పొడవునా అద్దాల తలుపుల బీరువాలు, వాటిలో తోలు అట్టల పుస్తకాలు, పైన అక్రోటు చెక్కతో చేసిన నగిషీ కప్పు. ఆ కప్పును ఇంగ్లండులోని విండ్సర్ కోట గ్రంథాలయం నమూనాలో చేయించారని ప్రతీతి. అది ఒకనాడు నవాబు, తరువాత నిజాము చదువుకున్న గది. ఇప్పుడు హోటలులో ఒక చూడదగిన గది. పుస్తకాలున్నాయి, కాని చదువరి మారిపోయాడు. గ్రంథాలయం అనే పని తగ్గిపోయి, దాని అందం మాత్రం మిగిలింది.

అక్కడికి వెళ్ళినవారు ఎవరైనా మొదట చేసే పని ఫోను పైకెత్తి ఒక్క ఫోటో తీయడం. ఇంటికి వచ్చి చూసుకుంటే కిటికీ తెల్లగా మండిపోయి ఉంటుంది, బీరువాలు నల్లగా ఉంటాయి, అద్దంలో తీసినవారి బొమ్మే కనిపిస్తుంది, గోడలు లోపలికి కూలబోతున్నట్టు వాలి ఉంటాయి. కంటికి అంత అందంగా కనిపించిన గది కెమెరాకు ఎందుకు లొంగదు? దీనికి జవాబు చెప్పాలంటే మనలాంటి ఒక ఉద్యోగిగారిని పరిచయం చేయాలి.

డ్రాఫ్ట్స్‌మన్‌గారి కెమెరా

ఆయన పేరు లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో చేరారు. అంటే మన పి.డబ్ల్యు.డి. మనిషి. డ్రాయింగులు, ఎస్టిమేట్లు ఆయన వృత్తి. 1870లలో సరదాగా కెమెరా పట్టుకున్నారు. పై అధికారులు ఆ పనితనం గుర్తించారు. 1880లలో దీర్ఘకాలం సెలవు పెట్టి, తరువాత ఉద్యోగమే వదులుకుని పూర్తిగా ఫోటోగ్రాఫరయ్యారు. ఆరవ నిజాం ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా నియమించి, రాజా ముసవ్విర్ జంగ్ అనే బిరుదునిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. సికింద్రాబాదులో, తరువాత బొంబాయిలో స్టూడియోలు పెట్టారు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల వనిత చేతిలో పెట్టారు. 1905లో పరమపదించారు. 2006లో మన తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

సర్వీసు వదిలిన తరువాతే అసలు జీవితం మొదలైన మనిషి ఈయన. రిటైరయ్యాక ఇంకేముంది అని నిట్టూర్చే మిత్రులు ఆయన పేరు ఒకసారి తలుచుకోవాలి.

నేను కూడా 34 ఏళ్ళు నక్షాలు గీసినవాడినే కాబట్టి ఆయన ఫోటోలలో ఒక సంగతి వెంటనే పట్టుకోగలను. ఆయన తీసిన గదులలో నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. స్తంభం వంగదు, తలుపు చట్రం వాలదు. ప్లాను, ఎలివేషను, సెక్షను గీసి అలవాటైన చేయి అది. ఫలక్‌నుమాను ఆయన లోపలా బయటా ఫోటోలు తీశారు. పాతబస్తీలోని దివాన్ దేవిడీలో సాలార్‌జంగుల అద్దాల మహలు ఆయినాఖానాను కూడా తీశారు. గుర్తుంచుకోండి, ఆ రోజుల్లో ఆ గదులలో మనకున్న విద్యుద్దీపాల వెలుగు లేదు. కెమెరా ఒక పెద్ద చెక్కపెట్టె. దాని వెనుక గరుకు గాజు. నల్లగుడ్డ కప్పుకుని చూస్తే ఆ గాజుమీద గది తలకిందులుగా కనిపిస్తుంది. ఫిల్ము ఉండదు, గాజు పలక ఉంటుంది. మొదట్లో తడి పలకలు వాడేవారు. వాటిని అక్కడికక్కడే రసాయనంతో పూత పూసి, ఆ తడి ఆరకముందే ఫోటో తీసి, కడిగేయాలి. అందుకు పక్కనే చీకటి గుడారం ఉండాలి. 1871లో మాడాక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు జెలటిన్ పూతతో పొడి పలకను కనిపెట్టాడు. 1880లకు అవి డబ్బాలలో తయారుగా దొరకసాగాయి. అందువల్లనే భవనాల లోపలి ఫోటోలు తీయడం సులువయింది.

సులువు అంటే ఎంత సులువు? ఇక్కడ కొంచెం లెక్క ఉంది. మనమందరం ఎస్టిమేట్లు వేసినవాళ్ళమే కాబట్టి భయపడనక్కరలేదు. కటకం ముందు వెలుగు వచ్చే రంధ్రాన్ని చిన్నది చేస్తే దగ్గరి బల్ల, దూరపు బీరువా రెండూ స్పష్టంగా వస్తాయి. కాని వెలుగు తగ్గుతుంది. రంధ్రం ఒక మెట్టు తగ్గించినప్పుడల్లా వెలుగు సగమవుతుంది, తీసే కాలం రెట్టింపు చేయాలి. 8వ నంబరు దగ్గర 2 సెకన్లు చాలితే, 11 దగ్గర 4, 16 దగ్గర 8, 22 దగ్గర 16 సెకన్లు కావాలి. ఇది ఈనాటి కెమెరాల లెక్క. ఆనాటి పలకలకు సున్నితత్వం ఎంతో తక్కువ కాబట్టి చీకటి గదులలో నిమిషాల లెక్కన కటకం తెరిచి ఉంచవలసి వచ్చేది. ఆ నిమిషాలలో ఎవరైనా గది దాటి నడిచిపోతే పలకమీద వారు కనిపించరు, లేదా పొగలా కనిపిస్తారు. పాత ఫోటోలలో రాజమహళ్ళు నిర్మానుష్యంగా ఉండడానికి ఇది కూడా ఒక కారణం. గది ఖాళీగా ఉండి కాదు, నిలకడగా ఉన్నవాటినే ఆ పలక గుర్తు పెట్టుకుంది. 1887 తరువాత మెగ్నీషియం పొడి వెలిగించే పద్ధతి వచ్చింది. వెలుగు వచ్చేది కాని, దానితో పాటు గదినిండా తెల్లపొగ వచ్చేది.

ఇంత కష్టపడి తీశారు కాబట్టే ఒక్కొక్క పలకకు ముందు గంటలకొద్దీ ఆలోచించారు. మనం ఒక్క నిమిషంలో నలభై తీస్తున్నాం, ఒక్కదాన్నీ తిరిగి చూడడం లేదు.

పోయినవాటికి సాక్ష్యం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఆయినాఖానా ఈనాడు లేదు. దివాన్ దేవిడీలో మూడవ సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులు, పుస్తకాలతో 1951లో మ్యూజియం మొదలైంది. 1968లో అది మూసీ ఒడ్డున కొత్త భవనానికి తరలింది. పాత దేవిడీలో అధిక భాగం కాలగర్భంలో కలిసిపోయి, దాని స్థలంలో దుకాణాలు వెలిశాయి. ఆ అద్దాల మహలు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే దీన్‌దయాళ్ ఫోటోలే దిక్కు. సర్ ఆస్మాన్ జా నివసించిన బషీర్‌బాగ్ భవనమూ అంతే. ఇప్పుడు బషీర్‌బాగ్ అంటే చౌరస్తా, ఫ్లైఓవరు. లోపలి గదుల వైభవం ఫోటోలలో ఉంది, అంతే.

నేను పనిచేసిన కార్యాలయాలలో ఒకదాని సంగతి చెబుతాను. పేరు అనవసరం. అక్కడ పాత కాలపు టేకు బీరువాలతో ఒక చిన్న గ్రంథాలయం ఉండేది. రంగుటద్దాల వెంటిలేటర్లు, తలుపుల పైన చెక్కిన తీగలు, పువ్వులు. ఇండెంటు రాసి ఇస్తే పుస్తకం ఇచ్చే ఒక అటెండరుగారు. కార్యాలయం కొత్త భవనానికి మారినప్పుడు బీరువాలు వేలంలో పోయాయి, పుస్తకాలు గోనెసంచులలో పోయాయి. తరువాత భవనమూ పోయింది. ఆ గది ఎలా ఉండేదని మా మనుమరాలు అడిగితే చూపడానికి ఈ రోజున ఒకే ఒక్క ఆధారం ఉంది. ఒక సూపరింటెండెంటుగారి పదవీ విరమణ గ్రూపు ఫోటో. అందులో పూలదండల వెనుక, ముప్పయి తలకాయల మీదుగా, ఆ చెక్కడపు తలుపు సగం కనిపిస్తుంది. మిగిలిన సగం ఎవరి తలో అడ్డం వచ్చింది. ఆ ఫోటో వెనుక ఎవరో పుణ్యాత్ములు పెన్సిలుతో వరుసగా అందరి పేర్లూ రాసిపెట్టారు. చివరి వరుసలో అటెండరుగారి పేరు కూడా ఉంది. ఆయన కుమార్తె ఒకసారి మా ఇంటికి వచ్చి ఆ ఫోటో చూసి, "మా నాయనది ఉద్యోగంలో ఉన్న ఫోటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు సార్" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాపీ తీయించి ఇచ్చాను. గది కోసం దాచుకున్న ఫోటో మనిషి కోసం పనికివచ్చింది.

పెద్ద ప్రపంచంలోనూ ఇదే కథ. 1981లో శ్రీలంకలోని జాఫ్నా గ్రంథాలయం తగలబడింది. దాదాపు 97 వేల పుస్తకాలు, తాళపత్రాలు ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి. భవనాన్ని మళ్ళీ కట్టుకోగలిగారు, ఆ తాళపత్రాలను ఎవరు తేగలరు? పారిస్‌లోని నోత్రదామ్ చర్చి 2019 ఏప్రిల్‌లో కాలిపోయింది. అంతకు ముందే ఒక కళాచరిత్ర ఆచార్యుడు లేజరు కిరణాలతో ఆ భవనాన్ని అంగుళం అంగుళం కొలిచి, ఫోటోలు తీసి ఉంచాడు. అగ్నిప్రమాదం నాటికి ఆయన జీవించి లేడు, కాని ఆయన కొలతలు పునర్నిర్మాణానికి ఉపకరించాయి. 2024 డిసెంబరులో చర్చి మళ్ళీ తెరుచుకుంది. మన ఊళ్ళో కూడా 2019లో ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చే నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. ఆ మెట్లెక్కి ఫైళ్ళు మోసినవారు ఈ సభలోనే ఉన్నారు. అలాంటి సందర్భాలలో ఫలానా గోడ, ఫలానా కప్పు ఇలా ఉండేది అని చూపడానికి కాగితం కావాలి. ఫోటో కూడా ఒక కాగితమే. సర్వీసు రిజిస్టరు లేనిదే పెన్షను ఎలా మంజూరు కాదో, ఆధారం లేనిదే పాత భవనం మరమ్మతు కూడా సరిగా జరగదు.

ఎలా తీయాలి?

ఇక పద్ధతికి వస్తాను. ఖరీదైన కెమెరా అక్కరలేదు. లైఫ్ సర్టిఫికెట్ కోసం ఏ ఫోను ముందు కూర్చుని కళ్ళు ఆర్పుతున్నామో అదే ఫోను చాలు. ఈ తొమ్మిది మాటలు రాసుకుంటే చాలు.

ఒకటి, అనుమతి. ఫలక్‌నుమా ఇప్పుడు హోటలు, వారి నియమాలు వారివి. ప్రభుత్వ గ్రంథాలయమైతే అధికారికి ఒక దరఖాస్తు ఇచ్చి, ఎందుకు తీస్తున్నామో చెప్పాలి. దరఖాస్తు రాయడం మనకొకరు నేర్పాలా?

రెండు, వేళ. మధ్యాహ్నం ఎండలో కిటికీకి, గది మూలకు వెలుగులో తేడా చాలా ఎక్కువ. కన్ను ఆ తేడాను సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోలేదు. ఉదయంగాని, సాయంత్రంగాని, మబ్బు పట్టిన రోజునగాని తీస్తే కిటికీ మండదు, మూల నల్లబడదు. వీలయితే కిటికీని వీపు వెనుక ఉంచుకోండి.

మూడు, ఫ్లాష్ వద్దు. అద్దాల బీరువామీద తెల్లటి మచ్చ పడడం తప్ప దానివల్ల లాభం లేదు. నగిషీ పనికి అందం నీడలవల్ల వస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే నీడ పోతుంది, చెక్కిన పువ్వు చదునుగా కనిపిస్తుంది. పక్కనుంచి కిటికీ వెలుగు పడితే ప్రతి రేకూ లేచి నిలబడుతుంది.

నాలుగు, నిలకడ. మన చేతులు వణుకుతాయి, ఒప్పుకుందాం. మూడుకాళ్ళ స్టాండు ఉంటే మంచిది, లేకపోతే నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి వాటికి ఫోను ఆనించండి. మీట నొక్కినప్పుడు కదలకుండా టైమరు పెట్టుకోండి.

అయిదు, నిలువు గీతలు. ఫోనును పైకి వంచితే గోడలు వాలుతాయి. పైభాగం కావాలంటే వెనక్కి జరగండి, లేదా రెండు ఫోటోలుగా తీయండి. తెరమీద గళ్ళు వచ్చే ఏర్పాటు ప్రతి ఫోనులోనూ ఉంటుంది. బీరువా అంచును ఆ గీతకు కలపండి. ఇదే దీన్‌దయాళ్ రహస్యం.

ఆరు, అద్దాలు. అద్దానికి ఎదురుగా నిలబడితే అద్దంలో మీరే ఉంటారు. ఎంత కోణంలో పోతే అంత కోణంలో వెలుగు తిరిగివస్తుందని బడిలో చదువుకున్నాం. ఒక అడుగు పక్కకు జరిగితే మీరు తప్పుకుంటారు, పుస్తకాల వెన్నులమీది బంగారు అక్షరాలు కనిపిస్తాయి.

ఏడు, కప్పు. నగిషీ కప్పు తీయడానికి మెడ విరుచుకోనక్కరలేదు. గది నట్టనడుమ నేలమీద ఒక మెత్తటి రుమాలు పరచి, టైమరు పెట్టి, ఫోనును తెర కిందికి, వెనుక కెమెరా పైకి ఉండేట్టు బోర్లా పెట్టి దూరంగా జరగండి. కప్పు మొత్తం నలుచదరంగా వస్తుంది. నడుము వంగనివారు మనుమళ్ళ సాయం తీసుకోవచ్చు.

ఎనిమిది, వరుస. ముందు నాలుగు మూలల నుంచి నాలుగు, తరువాత నాలుగు గోడలు ఎదురుగా నాలుగు, కప్పు ఒకటి, నేల ఒకటి. పది ఫోటోలలో గది అంతా వచ్చేస్తుంది. ఆ తరువాత తలుపు గడియ, బీరువా నంబరు పలక, చెక్కడం, పగుళ్ళు, చెద పట్టిన చోటు కూడా. అందమైనవే తీస్తే అది పెళ్ళి ఆల్బమవుతుంది. పాడైనవి కూడా తీస్తేనే రికార్డవుతుంది. చెక్కడం పక్కన ఒక స్కేలు పెట్టి ఒకటి తీస్తే రేపు వడ్రంగికి కొలత దొరుకుతుంది.

తొమ్మిది, మనుషులు. ఆ గదిని రోజూ తుడిచే ఆమెను, తాళాలు తెరిచే అతనిని అడిగి, ఇష్టపడితే వారినీ తీయండి. పేరు రాసుకోండి. నిమిషాల తరబడి తెరుచుకున్న పాత పలకమీద నడిచే మనిషి నిలవలేదు. మన ఫోనుకు ఆ ఇబ్బంది లేదు కదా.

ఫోటో తీశాక

తీయడంతో పని సగమే అయినట్టు. దీన్‌దయాళ్ స్టూడియోలో పలకలకు నంబర్లు వేసి, పేర్లు రాసేవారు. అందువల్లనే ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రపరచిన దాదాపు మూడు వేల గాజు పలకలు ఈనాటికీ పరిశోధకులకు ఉపయోగపడుతున్నాయి. పేరు, తేదీ లేని ఫోటో చిరునామా లేని ఉత్తరం వంటిది.

కాబట్టి ప్రతి ఫోటోకు నాలుగు సంగతులు రాయండి: ఏ భవనం, ఏ గది, ఏ దిక్కుకు తిరిగి తీశారు, ఏ తేదీ. ముఖ్యమైన పది ఫోటోలు అచ్చు వేయించండి. ఫోను పాడవుతుంది, పాస్‌వర్డు మరచిపోతాం, కాగితం మాత్రం బీరువాలో ఉంటుంది. ఫోటో వెనుక బాల్‌పెన్నుతో నొక్కి రాయకండి, ముందువైపు గాడి పడుతుంది. మెత్తటి పెన్సిలుతో అంచున తేలికగా రాయండి. సెల్లోటేపు అంటించకండి, పదేళ్ళకు పసుపురంగు మరక మిగులుతుంది. ఇంట్లో పాత గాజు నెగటివులుంటే ఒకదానిమీద ఒకటి పేర్చకండి, కాగితం కవర్లలో పెట్టి నిలువుగా నిలబెట్టండి. స్నానాల గదికి ఆనుకున్న గోడ బీరువాలో అసలు పెట్టకండి. చెమ్మ ఫోటోలకు ప్రథమ శత్రువు.

ఒక ప్రతిపాదన

చివరిగా సంఘానికి ఒక మనవి. మనమందరం పెన్షన్ కాగితాలతో పాటు భార్యాభర్తల జాయింటు ఫోటో ఇచ్చాం. అప్పుడు అదొక లాంఛనం అనుకున్నాం. కాని మనలో ఒకరు వెళ్ళిపోయాక రెండవవారు కార్యాలయానికి వెళ్ళి నిలబడినప్పుడు, ఈమె ఫలానావారి భార్య అని చెప్పేది ఆ ఫోటోయే. పాత గ్రంథాలయాలకు అలాంటి జాయింటు ఫోటో ఎవరిస్తారు? వాటిలో కూర్చుని చదువుకున్న మనమే ఇవ్వాలి.

ఫలక్‌నుమా వంటి భవనానికి ఫోటోలకు కొదవ లేదు. అది మిగిలినది బాగుచేసేవారు ఉండడంవల్ల, పనికివచ్చే కొత్త పని ఒకటి దొరకడంవల్ల. ఆ అదృష్టం లేని గదులు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. 1891లో ఆబిడ్స్ ప్రాంతంలో మొదలై, 1936 నుంచి అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున సొంత భవనంలో ఉన్న ఆసఫియా, అంటే మన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ఇప్పటికీ చదువరులతో నిండి ఉంది. పోటీ పరీక్షల పిల్లలు అక్కడ చోటు కోసం పొద్దున్నే వస్తారు. 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మన తెలుగువారి పట్టుదలకు గుర్తు. ఇవి అందరికీ తెలిసినవి. ఎవరికీ తెలియనివి మన పాత ఆఫీసుల లైబ్రరీలు, బడులలో మూతపడిన పఠనాలయాలు, బస్తీలలో ఎవరో దాత ఇచ్చిన రెండు గదుల గ్రంథాలయాలు. వాటి తలుపులమీద కూడా చెక్కడాలున్నాయి, వెంటిలేటర్లలో రంగుటద్దాలున్నాయి.

నా ప్రతిపాదన చిన్నది. వచ్చే సర్వసభ్య సమావేశం లోపల ప్రతి సభ్యుడు తనకు తెలిసిన ఒక్క పాత గ్రంథాలయపు గదిని, అనుమతి తీసుకుని, నేను చెప్పిన పది ఫోటోలు తీయాలి. వెనుక నాలుగు సంగతులు రాయాలి. ఒక సెట్టు సంఘ కార్యాలయంలో ఆల్బముగా ఉంచుదాం, ఒక సెట్టు ఆ గ్రంథాలయానికే ఇద్దాం. కదలలేని సభ్యులు తమ ఇంట్లోని పాత గ్రూపు ఫోటోలు వెతికి, మనుషుల వెనుక కనిపించే తలుపులను, కిటికీలను గుర్తుపట్టి, పేర్లు రాసి పంపితే చాలు. ఆ పేర్లు చెప్పగలిగినవారు ఏటికేడు తగ్గిపోతున్నారు. నిరుడు ఈ సభలో ముందు వరుసలో కూర్చున్న ముగ్గురు ఈ ఏడు లేరు. వారికి తెలిసిన పేర్లు వారితోనే వెళ్ళిపోయాయి.

డి.ఏ. బకాయిలు ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి, వడ్డీ లేకపోయినా వస్తాయి. ఈ బకాయి మాత్రం మనం తీర్చవలసినది, గడువు దాటితే తీర్చే వీలు లేనిది. ఆల్బముకు మొదటి సెట్టుగా నా వంతు పది ఫోటోలు, ఆ సగం తలుపు కనిపించే గ్రూపు ఫోటో కాపీతో సహా, ఈ రోజే కార్యదర్శిగారికి అందజేస్తున్నాను. రెండవ సెట్టు ఎవరిదో చేయెత్తవలసిందిగా కోరుతున్నాను.

 భోజనాల వేళయింది. సెలవు.